ఆడుతున్నప్పుడు "నేను", చూస్తున్నప్పుడు "అది": ఆడ లీడ్ ఉన్న గేమ్స్ గురించి ఒక టెస్టర్ సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. విచర్ 4 గేమ్ లో పాత హీరో గెరాల్ట్ కాకుండా అతని పెంపుడు కూతురు సిరి లీడ్ (అంటే మనం ఆడించే ముఖ్య పాత్ర) అని అనౌన్స్ చేసిన దగ్గర్నుంచి మీ హాస్టల్ రూమ్ లో ఒకటే గొడవంట, మీ రూమ్మేటేమో "ఆడ లీడ్ పెడితే ఎవడు కొంటాడు, ప్లేయర్లకి నచ్చదు" అంటాడు, నువ్వు హొరైజన్ (ఎలోయ్ అనే అమ్మాయి లీడ్ ఉన్న గేమ్) ఆడుతుంటేనేమో వెనకనుంచి "ఏంట్రా అమ్మాయి గేమా" అని వెక్కిరిస్తున్నారు, అసలు ప్లేయర్లు నిజంగా ఏమనుకుంటారో తెలిసినవాళ్ళు చెప్పండి అన్నావు. కింద కామెంట్లలో ఇప్పటికే నలభై మంది తిట్టుకుని వెళ్ళిపోయారు కాబట్టి నేను కొంచెం తీరిగ్గా చెప్తా, టీ పెట్టుకుని చదువు.

ముందు నా సంగతి. హైదరాబాద్ లో గేమ్ టెస్టింగ్ లో 14 ఏళ్ళు. మొదటి ఆరేళ్ళు బగ్స్ పట్టడమే పని, అంటే ఒకే గోడకి రోజంతా తల బాదుకుని ఎక్కడ లోపలికి దూరిపోతామో చూడటం అన్నమాట. తర్వాత ప్లేటెస్టులకి మారా. బయటి నుంచి ప్లేయర్లని పిలిచి, ఇంకా రిలీజ్ కాని గేమ్ చేతికిచ్చి, వెనకాల కూర్చుని వాళ్ళు ఎక్కడ ఆగుతున్నారు ఎక్కడ తిడుతున్నారు అని రాసుకోవడం. ఏ కంపెనీ అని అడక్కు, సంతకాలు పెట్టి ఉన్నా. ఇంకోటి, నేను ఆడదాన్నే, ప్రొఫైల్ ఫొటోలో క్రేటోస్ (గాడ్ ఆఫ్ వార్ గేమ్ లో గడ్డం హీరో) ఉన్నాడని "అన్నా" అని మొదలుపెట్టావు, పర్లేదులే.

నేను చూసింది ఒకటే. ఒక గేమ్ ని చూస్తున్నప్పుడు ప్లేయర్ మాట్లాడే భాష వేరు, ఆడుతున్నప్పుడు మాట్లాడే భాష వేరు. ఈ గొడవ మొత్తం చూస్తున్నప్పటి భాషలో జరుగుతోంది.

ఒక సెషన్ చెప్తా. ఇరవై ఏళ్ళ కుర్రాడు, బీటెక్, షూటర్లు తప్ప ఇంకేం ఆడడు. ముందు ట్రైలర్ చూపించాం, అందులో లీడ్ ఒకమ్మాయి, పెద్ద కత్తి. "బానే ఉందండీ కానీ ఇదేం కొడుతుంది, కత్తి దానికన్నా పొడుగుంది" అన్నాడు. రాసుకున్నా. తర్వాత కంట్రోలర్ ఇచ్చాం. పది నిమిషాలు బటన్లు వెతుక్కున్నాడు. ఇరవయ్యో నిమిషం నుంచి వాడి నోట్లోంచి వచ్చిన మాటలు ఇవి: "అబ్బా మళ్ళీ పడ్డాను", "ఆగండాగండి, నేను వాడి వెనక నుంచి వెళ్తా", "చచ్చాన్రా బాబూ". ఒక్కసారి కూడా "అది చచ్చింది" అనలేదు. మన తెలుగులో ఇంకో సుఖం ఉంది చూడు, "పడ్డాను" అంటే ఆడా మగా తేడా తెలీదు. పక్క సీట్లో హిందీ కుర్రాళ్ళు అదే క్యారెక్టర్ తో ఆడుతూ "మర్ గయా" అంటారు, "మర్ గయీ" అన్నవాడిని నేను ఇంతవరకు చూళ్ళేదు. అంటే వాడు ఆ అమ్మాయిలోకి వెళ్ళలేదు, ఆ అమ్మాయే వాడి చేతుల్లోకి వచ్చేసింది.

ఇది గమనించాక నేను షీట్ లో పక్కన రెండు గళ్ళు గీసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టా, "నేను" ఎన్నిసార్లు, "అది/వాడు" ఎన్నిసార్లు. పెద్ద స్టడీ ఏం కాదు, నా సొంత పిచ్చి. కానీ ఒకటి మాత్రం ప్రతిసారీ కనపడేది. "నేను" పోయి "అది" వచ్చేది ఎప్పుడంటే కంట్రోల్ దెబ్బతిన్నప్పుడు. కెమెరా గోడలో ఇరుక్కుంది, జంప్ నొక్కితే అర సెకను లేటుగా దూకింది, అప్పుడు "ఇదేంటండీ, దీనికి గోడ ఎక్కడం కూడా రాదా" అంటారు. లీడ్ మగాడైతే "వీడికి బుర్ర లేదు". అంతే తేడా, తిట్టు మారదు, తిట్టులో సర్వనామం మారుద్ది. అందుకే మా హెడ్ డిజైనర్ దగ్గరికి వెళ్ళి "ప్లేయర్లకి హీరోయిన్ నచ్చట్లేదంట" అని ఎవరైనా చెప్తే నేను ముందు అడిగేది "జంప్ సరిగ్గా ఉందా" అని.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ లారా క్రాఫ్ట్. 1996 లో ఇంగ్లండ్ లోని డెర్బీలో కోర్ డిజైన్ అనే చిన్న స్టూడియో టూంబ్ రైడర్ తీసింది, ఆ క్యారెక్టర్ ని గీసింది టోబీ గార్డ్, మొదట్లో పేరు లారా క్రూజ్ అనుకున్నారు. గేమ్ బయటకొచ్చాక పబ్లిషర్ ఆవిడని పోస్టర్ బొమ్మ చేసేసింది, మ్యాగజైన్ కవర్లు, ఈవెంట్లలో మోడల్స్, అదంతా నచ్చక గార్డ్ 1997 లోనే బయటికి పోయాడు. సరే, ఇప్పుడు ఆ గేమ్ ఆడినవాళ్ళని ఎవర్నైనా అడుగు, నీకు లారా అంటే ఏం గుర్తుంది అని. వెనక్కి ఒక గెంతు, తర్వాత పరుగు, సరిగ్గా అంచు దగ్గర జంప్. ఆ లెక్క తప్పితే గోతిలో పడటమే. ఇంకా గట్టిగా అడిగితే, రెండో పార్ట్ లో ముసలి బట్లర్ ట్రే పట్టుకుని వెనకాలే వస్తుంటే వంటగదిలో ఉన్న ఫ్రీజర్ రూమ్ లోకి తీసుకెళ్ళి తలుపేసేయడం. గుంటూరులో ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడూ అదే చేశాడు, లండన్ లో వాడూ అదే చేశాడు. పోస్టర్ చూసినవాడికి ఒక లారా, ఆడినవాడికి ఇంకో లారా. 2003 లో ఏంజెల్ ఆఫ్ డార్క్‌నెస్ వచ్చినప్పుడు బొమ్మ ఇంకా అందంగా ఉంది కానీ కంట్రోల్స్ బురదలో నడిచినట్టు ఉండేవి, ప్లేయర్లు ఉతికారేశారు, సిరీస్ ని కోర్ డిజైన్ చేతుల్లోంచి తీసి అమెరికాలో క్రిస్టల్ డైనమిక్స్ కి ఇచ్చేశారు. మళ్ళీ 2013 రీబూట్ (సిరీస్ ని మొదట్నుంచి కొత్తగా తీసింది) కి ముందు, 2012 లో, దాని ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ ఒక ఇంటర్వ్యూలో ప్లేయర్లకి ఈ లారాని కాపాడాలి అనిపిస్తుంది అన్నట్టు మాట్లాడి నానా చీవాట్లు తిన్నాడు. నేను చూసినంతలో ఎవడూ కాపాడలేదు, లారా జారి ఇనప కమ్మీ మీద పడితే "అమ్మా!" అని అరిచింది ఆడుతున్న కుర్రాళ్ళే, మెడ పట్టుకుని మరీ.

ఇంకా వెనక్కి వెళ్తే 1986 లో నింటెండో మెట్రాయిడ్ ఇంకా తమాషా. లీడ్ సామస్ ఆరన్, నిండా కవచం, ఇంగ్లీష్ మాన్యువల్ లో మగవాడన్నట్టే రాశారు. ఐదు గంటల్లోపు గేమ్ పూర్తి చేస్తే చివర్లో హెల్మెట్ తీస్తుంది, అప్పుడు తెలుస్తుంది ఆడమనిషని. అప్పటికి ప్లేయర్ గేమంతా ఆడేసి కూర్చున్నాడు, ఇప్పుడు ఏం చేస్తాడు, డబ్బులు వెనక్కి అడుగుతాడా?

సేల్స్ గురించి మీ రూమ్మేట్ మాట కొంచెం పట్టించుకోవాలి, ఎందుకంటే ఈ మాట హాస్టల్లో పుట్టింది కాదు, పెద్ద పెద్ద ఆఫీసుల్లో పుట్టి హాస్టల్ దాకా వచ్చింది. 2012 లో ఈడార్ అనే అమెరికన్ రిసెర్చ్ కంపెనీ 669 గేమ్స్ లెక్క తీసింది. అందులో కేవలం ఆడ లీడ్ మాత్రమే ఉన్నవి 24. సరే వాటి అమ్మకాలు తక్కువగానే ఉన్నాయి, కానీ ఆ కంపెనీ వాళ్ళే చెప్పిన ఇంకో ముక్క ఏంటంటే, వాటికి పెట్టిన మార్కెటింగ్ ఖర్చు మగ లీడ్ గేమ్స్ కి పెట్టిన దాంట్లో 40 శాతమే. నువ్వు ఒక కొడుకుని కార్పొరేట్ కాలేజీలో వేసి ఇంకోడిని ట్యూషన్ కూడా లేకుండా వదిలేసి చివర్లో ర్యాంకులు పోల్చినట్టు ఉంది ఇది. 2013 లో రిమెంబర్ మీ అనే గేమ్ తీసిన ఫ్రెంచ్ వాళ్ళు పబ్లిషర్ల దగ్గరికి వెళ్తే, లీడ్ ఆడమనిషైతే మేం చెయ్యం అని మొహం మీదే చెప్పారంట కొందరు. అదే ఏడాది ద లాస్ట్ ఆఫ్ అస్ కవర్ మీద, హీరో జోయెల్ వెంట తిరిగే అమ్మాయి ఎల్లీని ముందు పెట్టొద్దు వెనక్కి నెట్టండి అని దాన్ని తీసిన నాటీ డాగ్ మీద ఒత్తిడి వస్తే వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ గేమ్ కి ఫోకస్ టెస్ట్ (ముందే జనాలకి చూపించి అభిప్రాయం అడగడం) చేసే సంస్థ అసలు ఆడవాళ్ళని పిలిచే ఆలోచనే పెట్టుకోలేదు, స్టూడియో అడిగాకే పిలిచారు. నా ఫీల్డ్ కాబట్టి ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పిలవనివాళ్ళ అభిప్రాయం సున్నా అని రాసేసి, అదే రిపోర్ట్ గా పంపించేస్తారు.

అన్నిటికన్నా నాకు కడుపు మండేది అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ. 2018 లో వచ్చింది, కసాండ్రా, అలెక్సియోస్ అని అక్కాతమ్ముళ్ళు, ఎవరితోనైనా ఆడొచ్చు. 2020 లో బ్లూంబర్గ్ లో వచ్చిన రిపోర్ట్ ప్రకారం టీమ్ మొదట కసాండ్రా ఒక్కదాన్నే లీడ్ గా పెట్టాలనుకుంది, పైనుంచీ మార్కెటింగ్ నుంచీ కుదరదన్నారు, ఆడవాళ్ళు అమ్ముడుపోరు అని. అదే సిరీస్ లో దానికి ముందొచ్చిన సిండికేట్ లో ఈవీ పాత్ర, ఆరిజిన్స్ లో ఆయా పాత్ర కూడా అలాగే కోసేశారని అదే రిపోర్ట్. నువ్వు రెండూ ఆడి చూడు, కసాండ్రా గొంతులో ఉన్న వెటకారం, ఆ "మలాకా" అని గ్రీకులో తిట్టే తీరు, అలెక్సియోస్ కి అద్దెకి తెచ్చుకున్న చొక్కాలా ఉంటుంది. తర్వాత కంపెనీయే కథ ప్రకారం అసలు లీడ్ కసాండ్రానే అని తేల్చింది. అయినా ప్లేయర్లలో మూడింట రెండొంతులు అలెక్సియోస్ నే తీసుకున్నారంట.

ఇక్కడే మీ రూమ్మేట్ "చూశావా" అంటాడు. ఆగమను. మాస్ ఎఫెక్ట్ లెక్క చూద్దాం, అందులో లీడ్ షెపర్డ్ ని మగైనా ఆడైనా మనమే ఎంచుకోవచ్చు, దాన్ని తీసిన బయోవేర్ వాళ్ళు లెక్కలు కూడా బయటపెట్టారు. మాస్ ఎఫెక్ట్ 3 అప్పుడు ఆడ షెపర్డ్ తో ఆడినవాళ్ళు 18 శాతం. 2021 లో మూడు గేమ్స్ కలిపి లెజెండరీ ఎడిషన్ వచ్చినప్పుడు 32 శాతం. అదే క్యారెక్టర్, అదే జెన్నిఫర్ హేల్ గొంతు, ఒక్క డైలాగ్ మారలేదు. మారిందేంటి? మొదటి రెండు గేమ్స్ పోస్టర్లలో ఎక్కడా ఆడ షెపర్డ్ లేదు, చాలామందికి ఆ ఆప్షన్ ఉందనే పట్టలేదు. పదేళ్ళు ఆ గొంతు గురించి ఒకడు ఇంకోడికి చెప్పుకుంటూ పోయాక అంకె పెరిగింది. ఆప్షన్ స్క్రీన్ మీద మనిషి ఎక్కువ ఆలోచించడు తమ్ముడూ, డబ్బా మీద ఎవడి బొమ్మ ఉంటే వాడిని నొక్కి ముందుకెళ్ళిపోతాడు, ఇది నేను గాజు అవతల కూర్చుని వందలసార్లు చూశా, కొందరైతే ఆ స్క్రీన్ వచ్చినట్టే గుర్తుండదు. ఆప్షన్ ఇవ్వకుండా ఇదే లీడ్ అని నిలబడి, డబ్బులు సరిగ్గా పెడితే ఏమవుద్దో నువ్వు ఆడుతున్న హొరైజనే చెప్తుంది. 2017 లో వచ్చింది, దానికీ ముందు సోనీలో ఆడ లీడ్ రిస్కేమో అని చర్చలు జరిగాయి, 2021 చివరికి మొదటి పార్ట్ 2 కోట్ల కాపీలు దాటింది. మీ రూమ్మేట్ కి ఆ అంకె చెప్పు, చెప్పి ఊరుకో, వాదించకు.

ఇప్పుడు కష్టమైన కేసు. ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2. ఆడనివాళ్ళు ఈ రెండు పేరాలు దాటెయ్యండి, కథ చెప్పేస్తున్నా.

జూన్ 2020. మొదటి గేమ్ లో మనం ఇరవై గంటలు చేతుల్లో పెట్టుకుని తిరిగిన జోయెల్ ని ఆబీ అనే అమ్మాయి గోల్ఫ్ కర్రతో కొట్టి చంపేస్తుంది. ఎల్లీ పగతో బయల్దేరుతుంది, మనమూ పళ్ళు కొరుక్కుంటూ వెంట వెళ్తాం. సరిగ్గా సగం దగ్గర గేమ్ మన చేతికి ఆబీని ఇస్తుంది. ఇదిగో ఇప్పుడు నువ్వే ఆబీవి, నడువు అంటుంది. నా కొలీగ్ ఒకడు, మంచోడే, కావాలని ఆబీని మేడ మీంచి దూకించి దూకించి చంపాడు, నాలుగైదు సార్లు, "దీన్ని నేను ఆడను" అన్నాడు. విన్నావా, "దీన్ని". గంటలు గంటలు వాడి నోట్లోంచి "నేను" రాలేదు. ఆ తర్వాత ఎక్కడో ఆకాశమంత ఎత్తులో రెండు బిల్డింగుల మధ్య కట్టిన వంతెన మీద, ఆబీకి ఎత్తంటే భయం, కిందకి చూస్తే కళ్ళు తిరుగుతాయి, అక్కడ వాడు కుర్చీ పట్టుకుని "పడిపోతాను పడిపోతాను" అన్నాడు. వాడికే తెలీదు అన్నట్టు. తర్వాత థియేటర్ లో ఫైట్ వస్తుంది, ఆబీగా ఎల్లీని కొట్టాలి, బటన్ మనమే నొక్కాలి. వాడు కంట్రోలర్ టేబుల్ మీద పెట్టి బయటికెళ్ళి సిగరెట్ కాల్చుకొచ్చాడు. ఒక ప్లేయర్ ఒక ఆడ క్యారెక్టర్ గురించి ఎంత ఫీలవగలడు అని ఎవరైనా అడిగితే నాకు ఆ సిగరెట్ గుర్తొస్తుంది.

ఇంకోపక్క చూడు. గేమ్ రాకముందే ఏప్రిల్ లో సీన్లు లీకయ్యాయి. గేమ్ పూర్తి చెయ్యడానికి పాతిక గంటలు పడుతుంది, రిలీజైన మొదటి రోజే గేమ్స్ కి మార్కులేసే సైట్ మెటాక్రిటిక్ లో వేలకి వేలు సున్నాలు పడ్డాయి. ఆ తిట్లలో జోయెల్ గురించి కన్నా ఆబీ భుజాల గురించి ఎక్కువ. ఆ శరీరానికి మోడల్ కాలీన్ ఫోచ్ అని నిజమైన క్రాస్‌ఫిట్ అథ్లెట్, ఆడవాళ్ళకి అలాంటి కండలు రావు అని వాదించినవాళ్ళకి ఆవిడ ఫొటోలు చూపించినా వినలేదు. గొంతిచ్చిన లారా బెయిలీని, ఆవిడ చంటిబిడ్డని చంపేస్తాం అని మెసేజులు పెట్టారు. గేమ్ లో పాత్ర చేసిన హత్యకి డబ్బింగ్ చెప్పిన మనిషి పసిబిడ్డకి శిక్షంట. మొదటి మూడు రోజుల్లో 40 లక్షల కాపీలు అమ్ముడైన గేమ్ ఇది. ఇన్నిట్లో ఒక్కటి మాత్రం గమనించు, ఆ కోపంగా ఉన్నవాళ్ళందరూ అడిగింది "మాకు ఎల్లీని ఇవ్వండి" అని. ఎల్లీ కూడా ఆడపిల్లే కదా! ఎల్లీగా ఆడటానికి ఎవడికీ అభ్యంతరం లేదు, మొదటి గేమ్ లో చలికాలం చాప్టర్ లో అప్పటికే ఎల్లీగా ఆడి ఉన్నారు కాబట్టి.

అంటే ప్లేయర్ కి నిజంగా మండేది తన మనిషిని మార్చేసినప్పుడు. ఇందులో ఆడా మగా లేదు అనడానికి నా దగ్గర ఒక పాత సాక్ష్యం ఉంది. 2001 లో మెటల్ గేర్ సాలిడ్ 2. అందరూ పాత హీరో స్నేక్ తో ఆడదామని కొన్నారు, ట్రైలర్లలో అతనే, గేమ్ మొదట్లో కాసేపు అతనే, తర్వాత రైడెన్ అనే ఇంకో కుర్రాడిని చేతికిచ్చి మిగతాదంతా వాడితోనే. వాడు మగాడే. అయినా ఎంత తిట్టారంటే ఇప్పటికీ జోకులు నడుస్తాయి. ఇందులో అసలు సంగతి, ఆ మగాడిని తిట్టడానికి దొరికిన తిట్టు ఏంటో తెలుసా, "పొడుగు జుట్టు, ఆడంగి వెధవ" అని. కోపం వేరేదాని మీద, తిట్టడానికి మాత్రం ఎప్పుడూ ఆడదనే మాటే దొరుకుద్ది జనాలకి.

సిరి గొడవ కూడా సగం ఇదే. 2024 డిసెంబర్ లో ట్రైలర్ పడగానే సిరి మొహం మారిపోయిందని, విచర్ అయ్యే పరీక్ష ఆడవాళ్ళు తట్టుకోలేరని కథలో ఉంది కదా, ఇలా రకరకాలు. కథ గురించి అడిగేవాళ్ళు నిజంగానే అడుగుతున్నారు, వాళ్ళని ఊరికే తిట్టేవాళ్ళతో కలిపెయ్యకు, నాకూ ఆ డౌట్ ఉంది. గెరాల్ట్ తో 2015 లో వంద గంటలు గడిపినవాడికి దిగులుగా ఉండటం న్యాయమే. కానీ విచర్ 3 లోనే మధ్యమధ్యలో సిరిగా ఆడించారు గుర్తుందా, మెరుపులా మాయమై వెనక తేలి కొట్టడం? అప్పుడు ఎవడూ ఇదేం గేమ్ అని పారిపోలేదు, ఇంకాసేపుంటే బావుండు అన్నవాళ్ళే నాకు తెలిసి ఎక్కువ.

అందం చందం గురించి తొందరగా చెప్పేస్తా ఎందుకంటే ఇంటర్నెట్ లో సగం ఇదే, విసుగు. ఒకవైపు హొరైజన్ రెండో పార్ట్ లో ఎలోయ్ బుగ్గల మీద సన్నటి నూగు కనపడిందని గడ్డమొచ్చింది అని ఏడ్చారు, వీళ్ళెవరూ ఎండలో నిలబడ్డ ఆడమనిషి మొహం దగ్గరగా చూసినట్టు లేరు. ఇంకోవైపు 2024 లో కొరియా నుంచి స్టెల్లార్ బ్లేడ్ వస్తే రెండు మూడు డ్రెస్సుల్లో బట్ట కొంచెం పెంచారని పిటిషన్లు పెట్టారు. నాకు గ్లామర్ మీద కోపమేం లేదు, బయోనెట్టా గేమ్ లోని గ్లామర్ మంత్రగత్తె అంటే పడి చచ్చే అమ్మాయిలు నా టెస్టుల్లోనే బోలెడుమంది. అమ్మాయిలు అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. ఒక పాప, డిగ్రీ చదువుతోంది, అరగంట ఫైట్ చేసి నావైపు తిరిగి "జుట్టు ముడేసుకోదేంటండీ, కళ్ళల్లో పడట్లేదా దీనికి" అంది. నేనది యథాతథంగా రిపోర్ట్ లో రాసి పంపా. టీమ్ లో పదిహేను మంది మగాళ్ళు రెండేళ్ళు ఆ జుట్టు ఫిజిక్స్ మీద పనిచేశారు, ఒక్కడికీ తట్టలేదు. తర్వాత బిల్డ్ (గేమ్ సరిచేసిన కాపీ) లో జడ వచ్చింది. నా కెరీర్ లో నేను గర్వంగా చెప్పుకునే బగ్ అదే.

ఆన్‌లైన్ గేమ్స్ సంగతి మళ్ళీ వేరు. ఫ్రీ ఫైర్ లో కెల్లీ అనే అమ్మాయి బొమ్మ పరుగు ఫాస్ట్ అని మా వీధి కుర్రాళ్ళందరూ కెల్లీనే, అక్కడ ఎవడి మగతనానికీ దెబ్బ తగల్లేదు. బీజీఎంఐ (పబ్జీకి మన దేశం వెర్షన్) లో స్క్వాడ్ లో నలుగురూ అమ్మాయి బొమ్మలే, గౌన్లు కూడా వేస్తారు. కానీ నేను మైక్ ఆన్ చేసి "ఎడమ పక్క ఎనిమీ" అంటే ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత "ఏయ్ అమ్మాయిరా", తర్వాత పేరేంటి ఏ ఊరు, చెప్పకపోతే తిట్లు, నేను ముందు చచ్చిపోతే "వెళ్ళి అన్నం వండుకో". బొమ్మ ఆడదైతే అందరికీ ఓకే, గొంతు ఆడదైతేనే ఇబ్బంది. ఇప్పుడు నేను మైక్ ఆఫ్ చేసి పింగ్ (మాట్లాడకుండా చోటు చూపించే గుర్తు) నొక్కుతూ ఆడతా, 14 ఏళ్ళ అనుభవంతో ఇదీ నా పరిస్థితి. ప్లేయర్లకి ఆడ లీడ్ నచ్చదా అని అడిగినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది, ప్రశ్న తప్పు మనిషి గురించి అడుగుతున్నారేమో అని.

మన దేశం నుంచి కావాలంటే రాజి అనే గేమ్ ఆడు. పుణెలో నోడింగ్ హెడ్స్ అనే చిన్న టీమ్ తీసింది, 2020, సర్కస్ అమ్మాయి తమ్ముడు గోలూ కోసం రాక్షసుల మీదకి వెళ్తుంది, దుర్గమ్మా విష్ణువూ పైనుంచి మాట్లాడుకుంటుంటారు. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్ లో బెస్ట్ డెబ్యూ గేమ్ కి నామినేట్ అయింది. దాని మీద నేను విన్న కంప్లెయింట్లు, కెమెరా ఒక్కోచోట ఇబ్బంది, ఫైటింగ్ ఇంకాస్త పదునుండాల్సింది, గేమ్ చిన్నది, మధ్యలో ఆపేసినట్టు ముగించారు. అన్నీ నిజమే. హీరో ఆడపిల్లేంటి అన్నవాడు మాత్రం నాకు తగల్లేదు, అమ్మవారికి దణ్ణం పెట్టే ఊళ్ళో ఎలా అంటాడులే. అన్‌చార్టెడ్ లాస్ట్ లెగసీ కూడా ఆడు, 2017, క్లోయీ, నాడిన్ ఇద్దరూ ఆడవాళ్ళే, కథ మన పడమటి కనుమల్లో, హొయసల గుళ్ళు, హళేబీడు పేరు వినిపిస్తే మా టీమ్ లో ఒక బళ్ళారి అబ్బాయి సీట్లోంచి లేచి నిలబడ్డాడు. క్లోయీకి నాన్న తరఫున మన రక్తం. ఆ గేమ్ అయ్యేసరికి వాడు అన్నదల్లా ఆ సిరీస్ పాత హీరో నేథన్ డ్రేక్ కన్నా ఈవిడ జీప్ బాగా తోలుతుంది అని. తోలింది వాడే కదా, మరి.

చివరిగా నీ హాస్టల్ వెక్కిరింపు. దీనికి నా దగ్గర టెక్నిక్ ఒకటే, వెక్కిరించినవాడి చేతికి కంట్రోలర్ ఇచ్చి "ఆ ఎర్ర కళ్ళ మిషన్ ని పడగొట్టు చూద్దాం" అను. హొరైజన్ లో థండర్‌జా అనే డైనోసార్ లాంటి మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి వదిలెయ్. అరగంట తర్వాత వాడు నీకు తిరిగి ఇవ్వడు, ఆ సమస్య నువ్వే చూసుకోవాలి.

నాకు చిన్నప్పుడు గుంటూరు బ్రాడీపేటలో వీడియో గేమ్ పార్లర్ కి మా అన్నయ్య తోకలా వెళ్ళేదాన్ని, తొమ్మిదేళ్ళుంటాయేమో, మొత్తం షాపులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. అందరం ముస్తఫా గేమ్ అనేవాళ్ళం, అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని, 1993 లో కాప్కామ్ తీసిందని చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు. నాకు ముస్తఫా అంటే ప్రాణం, పసుప్పచ్చ టోపీ, ఎగిరి తన్నే తన్ను. అన్నయ్య ఎప్పుడూ నాకు అందులో ఉన్న అమ్మాయి హన్నానే ఇచ్చేవాడు. ఆడపిల్లనని ఆడ బొమ్మ ఇస్తున్నాడని లోపల కుళ్ళుకుని, ఆ కక్షతోనే హన్నాతో కత్తులు విసరడం నేర్చుకున్నా, తర్వాత తర్వాత మూడో స్టేజ్ దాకా నాకు సాటి లేదు. పోయిన సంక్రాంతికి అన్నయ్య డాలస్ నుంచి వచ్చినప్పుడు అడిగేశా, ఎందుకురా నాకెప్పుడూ హన్నా ఇచ్చేవాడివి, ఆడపిల్లననేనా అని. వాడు అరిసె నోట్లో పెట్టుకుని ఆశ్చర్యంగా చూశాడు. "అదేం లేదే, ముస్తఫా నాక్కావాలిగా" అన్నాడు.